తీర్మానమునకు త్రోవ

ఏ రాజకీయ సంఘపు సమావేశమునకు వెళ్లినను మనకు తప్పక వినిపించు మాటలు నాలుగు కలవు. ఒకరు లేచి "ఈ తీర్మానమును ప్రతిపాదించుచున్నాను" అందురు. వేరొకరు "నేను బలపరచుచున్నాను" అందురు. మూడవవారు "దీనికొక సవరణ" అని చేయి ఎత్తుదురు. కట్టకడపట అధ్యక్షులు "ఆమోదింపబడినది" అని ప్రకటింతురు. వెలుపల అరుగుమీద కూర్చుండి వినువానికి ఇదియంతయు ఒక తంతువలె తోచును. పెండ్లిలో పురోహితుడు మంత్రములు చదువును, మనము అక్షింతలు వేసి భోజనమునకు లేతుము. ఇదియు అట్టిదే గదా అని అనుకొనువారు లేకపోలేదు. కాని ఈ నాలుగు మాటల వెనుక పెద్ద చరిత్ర కలదు. వీని మర్యాద పాటింపబడినచోట ఒక రాష్ట్రమునకు పునాది పడినది. పాటింపబడనిచోట ఒక మహాసంస్థ నిండుసభలో చెప్పుల విసురులతో రెండుగా చీలినది. ఆ కథను శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట ఆ నియమములేవో తెలిసికొందము. ఊరి సంఘమైనను, జిల్లా సంఘమైనను పద్ధతి స్థూలముగా ఒక్కటే. సమావేశమునకు ముందు కార్యదర్శి సభ్యులందరకు నోటీసు పంపవలెను. ఏయే విషయములు చర్చకు వచ్చునో అందులో ఉండవలెను. తీర్మానము తేదలచిన సభ్యుడు దానిని కాగితముపై వ్రాసి, సంతకముచేసి, ముందుగా కార్యదర్శికి అందజేయవలెను. సభలో తానే చదివి ప్రతిపాదింపవలెను. మరియొక సభ్యుడు దానిని బలపరచవలెను. బలపరచువారు లేనిచో అది అంతటితో నిలిచిపోవును. పిమ్మట చర్చ. చర్చలో ఎవరైనను సవరణ తేవచ్చును. అయితే ఆ సవరణ మూలములోని మాటలను మార్చునది కావలెనే గాని, వట్టి "వద్దు" అను మాటకు మారురూపము కారాదు. వద్దనువారు వ్యతిరేకముగా ఓటు వేసిన చాలును. సవరణపై మొదట ఓటు, మూలముపై తరువాత ఓటు. ఓటునకు ముందు, ప్రతిపాదించినవానికి తుది సమాధానము చెప్పు హక్కు కలదు. జరిగినదంతయు మినిట్సు పుస్తకములోనికి ఎక్కి, తరువాతి సమావేశములో చదువబడి, ధ్రువపరుపబడవలెను.

ఇందులో ప్రతి నియమమును ఎవరినో ఒకరిని కాపాడుటకు పుట్టినదే. ముందు నోటీసు దూరపు గ్రామమునుండి బండి కట్టుకొని రావలసిన సభ్యుని కాపాడును. అతడు రాలేనిరోజు చూచి, అతనికి తెలియకుండ అతని పేర ఒక నిర్ణయము చేయుటకు వీలుండదు. వ్రాతమూలము మాటను కాపాడును. నిన్న చదివిన వాక్యము నేడు మరియొకటిగా మారదు. బలపరచు నియమము సభవారి కాలమును కాపాడును. ఒక్కని పట్టుదలకొరకు నలువదిమంది ప్రొద్దుపుచ్చవలసిన పని లేదు. సవరణ హక్కు తక్కువ సంఖ్యగలవారిని కాపాడును. వారు ఓడిపోవచ్చును, కాని తమ మాట ఏమో సభచేత వినిపించుకొని ఓడిపోవుదురు. వినిపించుకొని ఓడినవాడు సంఘములో నిలుచును. వినకయే ఓడింపబడినవాడు వెలుపలికి పోవును. మన రాజకీయ చరిత్రలో ఈ భేదము ఎన్నిసార్లు కనబడినదో చెప్పుటకే ఈ ప్రయత్నము.

మన గ్రామములకు సభ క్రొత్త కాదు. రచ్చబండ యొద్ద పెద్దలు కూర్చుండి తగవులు తీర్చుట తరతరములనుండి ఎరిగినదే. అయితే అచ్చట చర్చ నోటిమాటగా సాగును. పెద్దమనిషి నోట వెలువడినదే తీర్పగును. ఊరకుండినవారు ఒప్పుకొన్నట్లే లెక్క. "మౌనము అర్ధాంగీకారము" అను సామెత అచ్చటిదే. ఆధునిక సంఘములలో మౌనమునకు అట్టి విలువ లేదు. ఒప్పుకొన్నవారు చేయి ఎత్తవలెను, ఒప్పుకొననివారు ఎత్తవలెను, ఎత్తిన చేతులను లెక్కింపవలెను. "నోరున్నవానిదే రాజ్యము" అనుదానికి ఈ లెక్కయే విరుగుడు. ఈ పద్ధతి ఆంగ్లేయుల పార్లమెంటు ఆచారమునుండి వచ్చినమాట నిజమే. కాని దానిని మనవారు ఎట్లు తమదిగా చేసికొనిరో చూడవలెనన్న, అన్నిటికంటె ఎక్కువ వ్రాతపత్రములు మిగిలియున్న పాత సంస్థను, అనగా భారత జాతీయ కాంగ్రెసును, ఉదాహరణముగా తీసికొనుట సుకరము. పక్షమేదైనను నియమముల తత్త్వ మొక్కటే.

1885 డిసెంబరు 28వ తేదీన బొంబాయిలోని గోకులదాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులు కూడిరి. ఉమేశచంద్ర బెనర్జీ అధ్యక్షత వహించిరి. మన ప్రాంతమునుండి పనప్పాకము ఆనందాచార్యులు, పి. రంగయ్యనాయుడు, గుత్తినుండి కేశవపిళ్ళె మొదలగువారు హాజరైరి. ఆ సభలో 9 తీర్మానములు జరిగినవి. భారతదేశ పరిపాలనపై రాజకమీషను విచారణ జరుపవలెనన్న మొదటి తీర్మానమును మదరాసునుండి వచ్చిన జి. సుబ్రహ్మణ్య అయ్యరు ప్రతిపాదించిరి. ప్రతిపాదించుట, బలపరచుట అను మర్యాద మొదటినాటినుండియే కలదన్నమాట. కాని తీర్మానముల ముసాయిదాలు వ్రాసినది కొలదిమంది పెద్దలు. 72 మంది ఉన్నప్పుడు అది ఎవరికిని కొరతగా తోచలేదు. రెండేండ్లలో ప్రతినిధుల సంఖ్య 600 దాటినది. అంతమంది తరఫున నలుగురు కూర్చుండి వ్రాసిన మాటను తక్కినవారు చప్పట్లతో ఆమోదించుట ఎన్నాళ్లు సాగును? 1887లో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతను మదరాసున జరిగిన సభనాటికి, ప్రతినిధులలోనుండి ఏర్పడిన విషయనిర్ణయ సంఘము ముందుగా కూడి, బహిరంగ సభకు రావలసిన తీర్మానములను పరిశీలించు పద్ధతి వచ్చినది.

విషయనిర్ణయ సంఘము సభకు వాకిలివంటిది. వాకిలి లేని ఇల్లు సంత అగును. అందరును అన్నియు తెచ్చినచో మూడురోజుల సభలో మూడు విషయములైనను తేలవు. కాని వాకిటికడ నిలిచినవాడు తనకు గిట్టనివానిని లోనికి రానీయకుండ చేయవచ్చును గదా! ఊరిసంఘములో కార్యదర్శి చేతనున్న కార్యక్రమ పట్టికకును ఇదే గుణము, ఇదే దోషము. పట్టికలో చేర్చని విషయము సభలో పుట్టదు. అందుచేతనే తీర్మానము వ్రాసి ఇచ్చిన సభ్యునికి, అది ఎందుకు చేర్చలేదో అడుగు హక్కును, చాలినంతమంది సభ్యులు సంతకములు చేసి కోరినచో ప్రత్యేక సమావేశము పిలిపించు హక్కును చాల సంఘములు తమ నిబంధనలలో ఉంచుకొనినవి.

వాకిటి విషయమున మరియొక చిక్కు కలదు. ఎక్కువ సంఖ్యగలవారు తక్కువ సంఖ్యవారి మనస్సు నొచ్చు విషయమును తీర్మానముగా తెచ్చినచో ఏమి చేయవలెను? ఓట్లలో వారు ఎట్లును గెలువలేరు. 1888లో జార్జి యూల్ అధ్యక్షతను అలహాబాదులో జరిగిన కాంగ్రెసు దీనికొక నియమము చేసినది. ఒక విషయమును చర్చకు తెచ్చుటకు హిందూ ప్రతినిధులుగాని మహమ్మదీయ ప్రతినిధులుగాని ఒక సమూహముగా, ఏకగ్రీవముగనో దాదాపు ఏకగ్రీవముగనో ఆక్షేపించినచో, దానిని విషయనిర్ణయ సంఘము అంగీకరింపరాదు, సభలో చర్చింపరాదు అని తీర్మానించిరి. 1908 నిబంధనావళిలో దీనికి నాలుగింట మూడువంతులు అను కొలత ఏర్పరచిరి. ఇందులో మంచి కలదు, ఇబ్బందియు కలదు. నలుగురు కూడి పనిచేయుటకు నమ్మకము కలిగించుట మంచి. కష్టమైన ప్రశ్నలను చర్చింపక దాటవేయుటకు అలవాటుపడుట ఇబ్బంది. అయినను ఓట్ల లెక్కకు మించిన మర్యాద ఒకటి ఉండవలెనని మనవారు సంస్థ పుట్టిన మూడేండ్లకే గుర్తించిరన్నది గమనింపదగినది.

ఇక నియమము తప్పినప్పుడు ఏమగునో చూతము. 1906లో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతను కలకత్తా కాంగ్రెసు స్వరాజ్యము, స్వదేశీ, బహిష్కారము, జాతీయవిద్య అను నాలుగు విషయములపై తీర్మానములు చేసెను. మరుసటియేడు సూరతులో కూడుచున్న సభలో వానిని సడలింతురని బాలగంగాధర తిలకు పక్షమువారికి అనుమానము కలిగెను. క్రొత్త ముసాయిదాలు తమకు ముందుగా అందలేదని వారు ఆరోపించిరి. ముందుగా అందియుండినచో, మాటలలోని తేడాను ఒక గదిలో కూర్చుండి సరిదిద్దుకొనుటకైనను అవకాశ ముండెడిది. 1907 డిసెంబరు 26న సభ ఆరంభమైనది. అధ్యక్ష పదవికి రాసబిహారీ ఘోషు పేరును ప్రతిపాదించిరి. సురేంద్రనాథ బెనర్జీ బలపరుప లేచిరి. కేకలతో సభ ఆ దినమునకు ఆగిపోయెను.

మరునాడు తిలకు ఆహ్వానసంఘాధ్యక్షులైన త్రిభువనదాస్ మాల్వీగారికి ఒక చీటి పంపిరి. అధ్యక్షుని ఎన్నికను బలపరచిన తరువాత తాను మాటలాడదలచితిననియు, సభను వాయిదావేయు సవరణ తేదలచితిననియు అందలి భావము. సమయము వచ్చినప్పుడు ఆయనను పిలువలేదు. తిలకు తానే వేదిక నెక్కి తన హక్కును అడిగిరి. ఎన్నిక జరుగుచుండగా అట్టి సవరణకు తావులేదని వేదికమీదివారు అనిరి. నోటీసు ఇచ్చితిని, మాటలాడక దిగనని ఆయన నిలిచిరి. అంతలో జనసమూహమునుండి ఒక చెప్పు ఎగిరివచ్చి సురేంద్రనాథ బెనర్జీకి, ఫిరోజిషా మెహతాకు తగిలెను. కుర్చీలు లేచినవి, కర్రలు లేచినవి. పోలీసులు వచ్చి మండపమును ఖాళీచేయించిరి. ఇరువదిరెండేండ్ల సంస్థ ఆ మధ్యాహ్నము చీలిపోయెను.

ఎవరి రాజకీయము మంచిది అను విచారణ ఇచ్చట మనకు పని లేదు. ఉభయులును నియమము పేరే చెప్పిరి. కాని ఉభయులకు సమ్మతమైన నియమము కాగితముమీద స్పష్టముగా లేదు. 1899లో లక్నోలో కొన్ని నిబంధనలు చేసికొనినను అవి సరిగా ఆచరణలోనికి రాలేదు. నోటీసు ఇచ్చిన సవరణను త్రోసిపుచ్చు అధికారము అధ్యక్షునికి ఎంతవరకు కలదు, త్రోసిపుచ్చినచో సభ్యునికి గతియేమి అను చిన్న ప్రశ్నకు సమాధానము లేకపోవుటచేత ఆ చీటి తగవుగా మారినది. దాని ఫలముగా 1908 ఏప్రిలులో అలహాబాదున కూడిన పెద్దలు ఒక నిబంధనావళిని వ్రాసిరి. రాష్ట్ర సంఘములు, జిల్లా సంఘములు, వాని అధికారములు అందులో చోటుచేసికొనినవి. అయితే ఆ నిబంధనావళిలోని ధ్యేయప్రమాణమే తిలకు పక్షమువారు కొన్నేండ్లు వెలుపల ఉండుటకు కారణమయ్యెను. 1916లో లక్నోలోగాని మరల కలయిక జరుగలేదు. నియమమును వ్రాసికొన్నంతమాత్రముననే న్యాయము సిద్ధింపదు. అది ఎదుటిపక్షమును లోపల నిలుపుటకు వ్రాసినదా, వెలుపలికి పంపుటకు వ్రాసినదా అన్నది ముఖ్యము.

సూరతుకు ఆరేండ్లు నిండకముందే మన తెలుగునాట ఇంచుమించు అట్టి పరీక్షయే వచ్చినది. దానిని మనవారు వేరుగా దాటిరి. 1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షులు. తెలుగు జిల్లాలను మదరాసునుండి వేరుచేసి ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పరుపవలెనన్నది ఆ సభకు వచ్చిన పెద్ద ప్రశ్న. సర్కారు మధ్య జిల్లాలవారిలో ఉత్సాహము పొంగుచుండెను. కాని రాయలసీమవారికి, గంజాము విశాఖపట్టణపు జిల్లాలవారికి సందేహములు కలవు. న్యాపతి సుబ్బారావు పంతులు, మోచర్ల రామచంద్రరావు, గుత్తి కేశవపిళ్ళె వంటి పెద్దలు తొందర తగదనిరి. సభలో ఓట్లకు పెట్టినచో తీర్మానము నెగ్గియుండెడిదేమో. ఉత్సాహవంతులకు ఆ బలము కలదు.

వారు ఆ బలమును ఉపయోగింపలేదు. విషయమును మరుసటి సభకు వాయిదావేసి, అంతలో ప్రజాభిప్రాయమును తెలిసికొనుటకు ఒక స్థాయీసంఘమును నియమించిరి. వాయిదావేయుటయు ఒక తీర్మానమే. దానిని ప్రతిపాదింపవలెను, బలపరుపవలెను, నిర్ణయింపవలెను. పిరికితనముచేత వేసిన వాయిదా విషయమును చంపును. పని అప్పగించి వేసిన వాయిదా విషయమునకు ప్రాణము పోయును. బాపట్ల వాయిదా రెండవరకము. ఆంధ్రోద్యమ నాయకులు జిల్లాలు తిరిగిరి, ఊరూర సందేహములను విని సమాధానములు చెప్పిరి. 1914లో విజయవాడలో రెండవ మహాసభ కూడినప్పుడు ప్రత్యేక రాష్ట్ర తీర్మానము ఆమోదింపబడెను. ఆ సభకు అధ్యక్షులెవరు? బాపట్లలో తొందర తగదన్న న్యాపతి సుబ్బారావు పంతులుగారే.

ఆ కథ అంతటితో ముగియలేదు. కాంగ్రెసులో ఆంధ్రులకు వేరు రాష్ట్రసంఘము కావలెనన్న కోరికను 1917 ఏప్రిలులో అఖిల భారత సంఘము అంగీకరించెను. 1918 జనవరిలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము ఏర్పడినప్పుడు న్యాపతి సుబ్బారావు పంతులు అధ్యక్షులును, కొండా వెంకటప్పయ్య పంతులు కార్యదర్శియు నైరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించుటకు మునుపు ఎన్నో మెట్లున్నవి, ఎన్నో త్యాగములున్నవి. ఆ మెట్లలో బాపట్లలో ఓటునకు పెట్టని తీర్మానము ఒకటి. ఆనాడు సందేహించినవారిని ఓడించి పంపియుండినచో, మరుసటియేడు అధ్యక్షపీఠమున వారు కూర్చుండియుందురా అని ఆలోచింపవలసి యున్నది.

1920లో నాగపూరు కాంగ్రెసు గాంధీమహాత్ముని చేతిమీదుగా క్రొత్త నిబంధనావళిని ఆమోదించెను. రాష్ట్రములను భాషలనుబట్టి విభజించిరి. నాలుగణాలు చెల్లించి ధ్యేయమును అంగీకరించినవాడెల్ల సభ్యుడగును. గ్రామము, తాలూకా, జిల్లా, రాష్ట్రము, అఖిల భారతము అను మెట్లు ఏర్పడినవి. అంతకుమునుపు తీర్మానములు పట్టణములలోని న్యాయవాదుల గదులలో పుట్టెడివి. ఇప్పుడు అరక దున్నువాడును తన గ్రామసంఘములో తీర్మానము తేవచ్చును; అది నెగ్గినచో తాలూకాకు, అటనుండి జిల్లాకు ఎక్కును. పైనుండి వచ్చిన తీర్మానము అట్లే గ్రామమునకు దిగును. ఈ ఎక్కుదిగుడు మెట్లమీదనే తరువాతి ఉద్యమములన్నియు నడచినవి.

దిగుడు మెట్టునకు ఉదాహరణము విజయవాడ. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము అచ్చట కూడి, జూను 30వ తేదీలోగా తిలకు స్వరాజ్య నిధికి కోటిరూపాయలు వసూలుచేయవలెననియు, కోటిమంది సభ్యులను చేర్పింపవలెననియు, 20 లక్షల రాట్నములు ఆడింపవలెననియు నిర్ణయించెను. ఎంత, ఎవరు, ఎప్పటిలోగా అను మూడు ప్రశ్నలకును అందులో సమాధానము కలదు. చేయవలసినపని, గడువు ఇట్లు లెక్కతో చెప్పిన తీర్మానమును గ్రామసంఘము తన వాటాగా పంచుకొని చేయగలదు. "సభ తన ప్రగాఢ విచారమును వెలిబుచ్చుచున్నది" అను తీర్మానముతో గ్రామసంఘమునకు చేయదగిన పని ఏమియు లేదు.

ఇక తీర్మానములోని షరతుల మాట. 1921 నవంబరు 4న ఢిల్లీలో అఖిల భారత సంఘము, పన్నుల నిరాకరణతోసహా శాసనోల్లంఘనమును తమ బాధ్యతపై ప్రారంభించు అధికారమును రాష్ట్ర సంఘములకు ఇచ్చెను. కాని కఠినమైన షరతులు పెట్టెను. ఆ జిల్లాలోగాని తాలూకాలోగాని అధికసంఖ్యాకులు స్వదేశీని పూర్తిగా అవలంబించి, అచ్చటనే వడికి నేసిన వస్త్రములు ధరింపవలెను. అహింసయందును, హిందూ మహమ్మదీయ సఖ్యమునందును విశ్వాసము కలిగి, అస్పృశ్యతను విడువవలెను. 1922 జనవరిలో గుంటూరు జిల్లాలో పన్నుల నిరాకరణము మొదలైనది. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున శాంతిసేన ఏర్పడెను. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. శిస్తు వసూలు స్తంభించెను. రైతుల ధైర్యము దేశమంతట ప్రశంసలందుకొనెను.

అయితే ఆ షరతులు నెరవేరినవా అను ప్రశ్న మిగిలెను. గాంధీమహాత్ముడు కొండా వెంకటప్పయ్య పంతులుగారిని ఈ విషయమున హెచ్చరించుచు ఉత్తరము వ్రాసిరి. "షరతులు నెరవేరినవి" అని మినిట్సు పుస్తకములో వ్రాయుట ఒక్క క్షణము పని. వానిని నెరవేర్చుట ఇంటింట రాట్నము తిరుగుటలో, వాడలకు వాడలు కలియుటలో ఉన్నది. తీర్మానమును నమ్మి జప్తునకు పశువులను, భూములను ఒడ్డినవాడు రైతు. తీర్మానము వ్రాసినవాడు కాడు. ఫిబ్రవరిలో ఉద్యమమును ఉపసంహరించుకొనిరి. చౌరీచౌరా సంఘటనానంతరము ఫిబ్రవరి 12న బార్దోలీలో కార్యవర్గము దేశవ్యాప్త శాసనోల్లంఘనమునే నిలిపివేసెను. గుంటూరు కథ స్థానిక సంఘములకు నేర్పిన పాఠము స్పష్టము: షరతుతోగూడిన తీర్మానమును ఆమోదించుటకు ముందు, ఆ షరతును కొలుచువారెవరు, ఎట్లు కొలుతురు అన్నది ఆ తీర్మానములోనే ఉండవలెను.

ఆ నెలాఖరున ఢిల్లీలో అఖిల భారత సంఘము కూడినప్పుడు డాక్టరు మూంజే బార్దోలీ నిర్ణయమునకుగాను గాంధీజీపై అభిశంసన తీర్మానమునే తెచ్చిరి. దేశమంతయు పూజించు నాయకునిపై, ఆయన ఎదుటనే, ఆయన సంఘములోనే! దానిని ఎవరును అడ్డగింపలేదు. చర్చ జరిగినది, ఓటు జరిగినది, తీర్మానము ఓడినది. ప్రతిపాదించు హక్కు నాయకుని గొప్పతనమునుబట్టి పెరుగదు, తరుగదు అనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

బ్రిటిషు ఆంధ్రములో ఇట్లుండగా, నైజాము రాష్ట్రములోని తెలుగువారికి అంతకుముందటి మెట్టే కరవైనది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇతర భాషలలో పలువురు మాటలాడిరి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు ఒక తీర్మానముపై తెలుగులో మాటలాడ మొదలిడగానే సభలో కొందరు ఎగతాళిచేసి, అల్లరిచేసి, ఆయన మాట సాగనీయలేదు. రాష్ట్రములో అత్యధికసంఖ్యాకుల భాష అది! ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు దానిని పెంచిరి. 1930 మార్చిలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగినది. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగినది. ఆ రాజ్యములో గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వునుబట్టి సభ జరుపుటకే ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. ఆ కట్టుబాట్లలోనే వారు తెలుగులో ప్రతిపాదించి, తెలుగులో బలపరచి, తెలుగులో చర్చించుట నేర్చిరి.

ఇందలి నీతి చిన్నది కాదు. నియమావళిలో హక్కు ఉండవచ్చును. ఆ నియమావళి భాష సభ్యునికి రానిచో హక్కు లేనట్లే. గ్రామసంఘపు నోటీసు, తీర్మానము, మినిట్సు ఊరివారికి అర్థమగు భాషలో ఉండుట సౌకర్యము మాత్రమే కాదు, న్యాయము. చదువురాని సభ్యుడున్నచో కార్యదర్శి తీర్మానమును రెండుసార్లు బిగ్గరగా చదువవలెను. ఆడవారు వెనుకవరుసలో కూర్చుండు సభలో, అధ్యక్షుడు వెనుకవరుసవైపు చూచి "ఎవరైన మాటలాడుదురా" అని అడుగవలెను.

చివరగా, ఓడిన సవరణ గతి యేమగునో ఒక ఉదాహరణము. 1928 డిసెంబరులో మోతీలాలు నెహ్రూ అధ్యక్షతను కలకత్తాలో కాంగ్రెసు కూడెను. అధినివేశ ప్రతిపత్తిని ప్రాతిపదికగా గల నెహ్రూ నివేదికను బ్రిటిషు ప్రభుత్వము ఒక సంవత్సరములోగా అంగీకరింపవలెనన్న తీర్మానమును గాంధీజీ ప్రతిపాదించిరి. మొదట రెండేండ్ల గడువు అనుకొని, యువకుల మాటను మన్నించి ఒక యేడుగా తగ్గించిరి. అదియు చాలదని, సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమని సుభాసచంద్రబోసు బహిరంగ సభలో సవరణ తెచ్చిరి. ఓట్లు లెక్కించిరి. సవరణకు అనుకూలముగా 973, ప్రతికూలముగా 1350. సవరణ ఓడెను. కాని 973 అను అంకె దేశమంతట చదువబడెను. ఓడినవారు సంస్థను విడువలేదు; గెలిచినవారు ఆ అంకెను మరువలేదు. సరిగా ఒక సంవత్సరమునకు, 1929 డిసెంబరు 31 అర్ధరాత్రి, లాహోరులో సంపూర్ణ స్వాతంత్ర్య తీర్మానము కాంగ్రెసు నిర్ణయమైనది.

సూరతులోను సవరణయే, కలకత్తాలోను సవరణయే. మొదటిదానిని పిలువలేదు, అది తగవైనది. రెండవదానిని పిలిచి, విని, లెక్కించి ఓడించిరి. అది ఏడాది తిరుగకమునుపే సంస్థ మాటయైనది. బాపట్లలో ఓటునకే పెట్టలేదు; కాని చర్చను ఆపలేదు, జిల్లాలకు పంపిరి. మూడింటను ఒకటే కొలత. ఓడువానికి తన మాట చెప్పుకొను త్రోవ ఉన్నదా, లేదా?

దేశములో పక్షములు పెక్కు. వాని ఆశయములు వేరు, నాయకులు వేరు. అయినను ప్రతి పక్షమునకు అట్టడుగున ఒక ఊరి సంఘము కలదు. దానికొక కార్యదర్శి, ఒక మినిట్సు పుస్తకము కలవు. శాసనసభలో ఏమి జరుగుచున్నదో పత్రికలు వ్రాయును. ఊరి సంఘములో ఏమి జరుగుచున్నదో వ్రాయునది ఆ పుస్తకమొక్కటే. నోటీసు లేకుండ పిలిచిన సభను, చదువకుండ ఆమోదించిన తీర్మానమును, లెక్కింపని చేతులను చూచి ఊరకుండుట ఆ ఊరి సభ్యునికి అలవాటైనచో, పై మెట్లలో ప్రజాస్వామ్యము వర్ధిల్లునని ఆశించుట వ్యర్థము. కావున మీరు ఏ సంఘములో సభ్యులైనను, నోటీసు చేతికి అందిననాడు దానిని పూర్తిగా చదువుడు. మీకు కావలసిన విషయము అందులో లేనిచో ఒక కాగితముపై వ్రాసి, సంతకముచేసి, కార్యదర్శికి ఇండు. బలపరచుటకు ఒక్క పొరుగువానిని వెదకికొనుడు. ఓడిపోయినచో, ఎన్ని చేతులు లేచినవో పుస్తకములో వ్రాయుడని అడుగుడు. అది అడుగుటకు మీకు హక్కు కలదు. వ్రాయుట వారికి విధి.